నాలుగవ స్థానం విలువ ఎంత?

2021 ఆగస్టు 7వ తేదీ శనివారం. ఆ సాయంత్రం టోక్యో ఒలింపిక్స్‌లో నీరజ్ చోప్రా జావెలిన్ విసరి బంగారు పతకం గెలిచిన సంగతి అందరికీ జ్ఞాపకం ఉన్నది. అదే రోజు తెల్లవారుజామున, మన ఊళ్ళలో పాలు పితికే వేళకే, మరొక పోటీ ఆరంభమైంది. అంతవరకు గోల్ఫ్ అన్న మాట తప్ప ఆట తెలియని వారు సైతం ఆనాడు టీవీల ముందు కూర్చున్నారు. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ పతకానికి చేరువలో ఉన్నదని విని కూర్చున్నారు. చివరకు ఆమెకు నాలుగవ స్థానం లభించింది. ఒక్క దెబ్బ తేడాతో పతకం చేజారింది.

పాఠశాలలు తిరిగి తెరచిన తరువాత ఒక విద్యార్థిని నన్ను అడిగింది: "సార్, నాలుగో స్థానం వస్తే ఏమిస్తారు?" ఏమీ ఇవ్వరని చెప్పితిని. ఆ అమ్మాయి తాలూకా స్థాయి పరుగు పందెములలో రెండు మూడు పర్యాయములు నాలుగవ స్థానంలో నిలిచినది. ఆ తరువాత ఒకనాడు ఆమె తండ్రి ఎదురై, "దొరలాడే ఆట సంగతులు మన పిల్లలకెందుకు సార్? చదువు చెప్పండి చాలు" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. కాని ఆయనకు ఇవ్వవలసిన సమాధానం ఒకటి ఉన్నది. అది రెండు మాటలలో తేలేది కాదు కనుక ఈ వ్యాసం వ్రాయవలసి వచ్చింది.

ఆట స్వరూపం

గోలీలాటలో నేల మీద చిన్న గుంట తీసి, దూరం నుండి గోలీని అందులో పడవేయడం మనకు తెలుసు. బిళ్ళంగోడులో కర్రతో కొట్టి బిళ్ళను దూరంగా పంపడమూ తెలుసు. కన్నడ సోదరులు దానిని చిన్నిదాండు అంటారు. ఈ రెండు ఆటలను కలిపి నూరు ఎకరాలకు తక్కువ కాని పచ్చిక మైదానంలో ఆడితే ఎట్లుండునో గోల్ఫ్ అట్లుండును.

మైదానంలో 18 గుంటలు ఉంటాయి. ఒక్కొక్క గుంట వ్యాసం 108 మిల్లీమీటర్లు, అనగా సుమారు నాలుగుంబావు అంగుళాలు. బంతి బరువు 46 గ్రాములకు లోపు. ఆటగాని సంచిలో 14 కర్రలకు మించి ఉండరాదు. దూరం కొట్టుటకు ఒకటి, ఇసుక గుంటలో నుండి లేపుటకు ఒకటి, గుంట దగ్గర నేల మీద మెల్లగా దొర్లించుటకు ఒకటి, ఇట్లు ఒక్కొక్క పనికి ఒక్కొక్క కర్ర.

ప్రతి గుంటకు ఇన్ని దెబ్బలలో బంతి పడవలెనని ఒక లెక్క ఉన్నది. దానిని పార్ అంటారు. గుంట దూరాన్ని బట్టి అది మూడో, నాలుగో, అయిదో ఉంటుంది. అంతకంటె ఒక దెబ్బ తక్కువలో పూర్తి చేస్తే బర్డీ; ఒకటి ఎక్కువైతే బోగీ. 18 గుంటలు కలిపి మైదానం పార్ సామాన్యంగా 70 నుండి 72 వరకు ఉంటుంది. ఇతర ఆటలలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవారు విజేతలు. ఇందులో తక్కువ దెబ్బలు తీసుకున్నవారు విజేతలు. పెద్ద పోటీలు మూడు లేక నాలుగు రోజులు జరుగుతాయి. అన్ని రోజుల దెబ్బలను కూడి ఫలితం నిర్ణయిస్తారు. ఆటగాని వెంట సంచి మోసుకొని నడిచే వ్యక్తిని క్యాడీ అంటారు. క్యాడీ కేవలం కూలి కాదు. దూరం లెక్కించి, గాలి చూచి, ఏ కర్ర తీయవలెనో సలహా చెప్పే సహచరుడు. ఆటగానికి సలహా చెప్పే హక్కు మైదానంలో అతనికి ఒక్కనికే ఉంటుంది.

ఇది దొరల ఆట అన్న మాట నిజమే. కలకత్తాలో 1829లోనూ, బెంగళూరులో 1876లోనూ ఆంగ్లేయులు గోల్ఫ్ క్లబ్బులు స్థాపించారు. మన సరిహద్దు ప్రాంతంలోనే కోలారు బంగారు గనుల వద్ద తెల్లదొరలు తమ కోసం ఒక మైదానం ఏర్పరచుకున్నారు. గనిలో దిగిన తెలుగు, తమిళ, కన్నడ కూలీలకు ఆ పచ్చిక దూరం నుండి చూచేందుకే పరిమితమై ఉండేది. కనుక ఈ ఆట మనది కాదనే భావం మన ఇండ్లలో పాతుకొని ఉండుటలో ఆశ్చర్యం లేదు.

బెంగళూరులో ఆరంభం

అదితి 1998 మార్చి 29న బెంగళూరులో జన్మించింది. తండ్రి అశోక్ గుడ్లమణి, తల్లి మహేశ్వరి. ఆ ఇంట అంతకు ముందు గోల్ఫ్ ఆడినవారు లేరు. కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానం పక్కన ఉన్న ఫలహారశాలకు ఆ కుటుంబం వెళ్ళుచుండేది. అక్కడి నుండి మైదానంలో ఆడేవారు కనిపించేవారు. అయిదేళ్ళ పిల్ల అది చూచి తానూ ఆడతానన్నది. తల్లిదండ్రులు ఆమెను లోనికి తీసుకొని వెళ్ళారు. తండ్రి కూడ కూతురితో పాటే ఆట నేర్చుకున్నారు.

ఆమె బాల్యం యావత్తు బడికీ మైదానానికీ మధ్య గడిచింది. 2013లో ఆసియా యువ క్రీడలు, 2014లో యువ ఒలింపిక్స్, అదే సంవత్సరం ఆసియా క్రీడలలో ఆడింది. 2015లో బ్రిటన్‌లో మహిళల అమెచ్యూర్ స్ట్రోక్ ప్లే పోటీ గెలిచింది. అమెచ్యూర్ అనగా బహుమతి సొమ్ము స్వీకరించని ఆటగాడు. ఇంత జరుగుచున్నా చదువు విడువలేదు. 2016లో 12వ తరగతి పూర్తి చేసింది. అదే సంవత్సరం ఒలింపిక్స్‌లో ఆడింది. చదువా, ఆటా అని మనం పిల్లల ముందు రెండు దారులు గీచి ఒకటి కోరుకోమంటాము. ఆ ఇంట అట్లు గీయలేదు.

వృత్తిలో ప్రవేశం ఎట్లు?

క్రికెట్‌లో రాష్ట్ర జట్టు, దేశ జట్టు, ఎంపిక సంఘం ఉంటాయి. గోల్ఫ్ వృత్తి వేరు. ఇందులో ఎంపిక చేసేవారు లేరు. ఐరోపా మహిళల టూర్, అమెరికాలోని ఎల్.పి.జి.ఎ. టూర్ వంటి సంస్థలు ఏడాది పొడుగునా వేర్వేరు దేశాలలో పోటీలు నిర్వహిస్తాయి. వాటిలో ఆడుటకు ఒక కార్డు ఉండవలెను. ఆ కార్డు కొరకు ఏటా ప్రవేశ పోటీ జరుగుతుంది. దానికి టూర్ స్కూల్ అని పేరు. పేరులో స్కూల్ ఉన్నది కాని అక్కడ పాఠాలు లేవు. పరీక్ష మాత్రమే ఉన్నది. మన పిల్లలు వ్రాసే సి.ఇ.టి. వంటిదని అనుకొనవచ్చును. ఇంత మంది ఆడితే పైనున్న కొద్దిమందికే కార్డు.

2015 డిసెంబరులో మొరాకో దేశంలో జరిగిన ఐరోపా టూర్ ప్రవేశ పోటీలో అదితి ప్రథమ స్థానంలో నిలిచింది. అప్పటికి ఆమె వయస్సు 17. ఆ పోటీలో ప్రథమురాలైన తొలి భారతీయురాలు ఆమెయే. 2016 జనవరి నుండి వృత్తి క్రీడాకారిణి అయినది.

ఆ సంవత్సరం ఆగస్టులో బ్రెజిల్‌లోని రియో నగరంలో ఒలింపిక్స్ జరిగాయి. 1904 తరువాత, 112 సంవత్సరాలకు గోల్ఫ్ మరల ఒలింపిక్స్‌లో ప్రవేశించిన సందర్భమది. తండ్రి సంచి మోయగా అదితి మొదటి రెండు రోజులు 68, 68 దెబ్బలతో అగ్రశ్రేణి ఆటగత్తెల సరసన నిలిచింది. మూడవ రోజు 79, నాలుగవ రోజు 76. ఫలితం 41వ స్థానం. పద్ధెనిమిదేళ్ళ పిల్లకు అది పెద్ద దెబ్బయే. అయితే మూడు నెలలు గడువక ముందే, నవంబరులో, గురుగ్రామ్‌లో జరిగిన మహిళల ఇండియన్ ఓపెన్‌ను ఒక్క దెబ్బ తేడాతో గెలిచింది. ఐరోపా మహిళల టూర్‌లో విజేతగా నిలిచిన తొలి భారతీయురాలు అయినది. రెండు వారాల తరువాత ఖతార్‌లో మరొక విజయం. ఆ ఏడు ఐరోపా టూర్‌లో ఉత్తమ నూతన క్రీడాకారిణి గౌరవం ఆమెకే దక్కింది.

వృత్తి జమాఖర్చులు

ఈ భాగం పెద్దలు శ్రద్ధగా చదువవలెనని మనవి. వృత్తి గోల్ఫ్‌లో నెల జీతం లేదు. ఆటగాడు తన విమాన ఛార్జీ, బస, భోజనం, క్యాడీ కూలి తానే భరించవలెను. నాలుగు రోజుల పోటీలో రెండు రోజులు ముగియగానే వెనుకబడినవారిని తొలగిస్తారు. దీనిని కట్ అంటారు. కట్ దాటనివారికి సామాన్యంగా పైసా రాదు. వచ్చిన ఖర్చు వచ్చినట్లే పోతుంది. కట్ దాటినవారికి మాత్రమే స్థానాన్ని బట్టి బహుమతి సొమ్ము. అందులో క్యాడీకి వారపు కూలి కాక కొంత శాతం వాటా ఉంటుంది.

వర్షాధారపు సేద్యం చేసేవారికి ఇది కొత్త లెక్క కాదు. విత్తనం, ఎరువు, కూలి ముందే పెట్టవలెను. పంట వచ్చునో రాదో వాన చెప్పవలెను. తేడా ఏమనగా, ఇక్కడ ప్రతి వారం కొత్త పంట. వెనుక నిలబడి ఖర్చు భరించేవారు, సంస్థల ప్రాయోజకత్వం లేనిదే మొదటి రెండు మూడు సంవత్సరాలు గడవడం కష్టం. మంచి కర్రల సెట్టు ఒక మోటారు సైకిలు ధర పలుకుతుంది. ఈ సత్యం దాచి, ఆడితే చాలు డబ్బు వస్తుందని పిల్లలకు చెప్పడం మోసం అవుతుంది.

2017 నుండి అదితి అమెరికాలోని ఎల్.పి.జి.ఎ. టూర్‌లో ఆడనారంభించింది. ఆమెకు ముందు ఆ టూర్‌లో అడుగిడిన తొలి భారతీయురాలు కలకత్తాకు చెందిన స్మృతి మెహ్రా. ప్రపంచంలో అత్యుత్తమ ఆటగత్తెలు ఆడే ఆ టూర్‌లో 2017 నుండి 2024 వరకు ఎనిమిది సంవత్సరాలు ఆడినా అదితికి ఒక్క టైటిల్ రాలేదు. 2023 ఏప్రిల్‌లో లాస్ ఏంజిలిస్‌లో జరిగిన పోటీలో ముగ్గురు సమానంగా నిలువగా, అదనపు ఆటలో ఆస్ట్రేలియాకు చెందిన హన్నా గ్రీన్ గెలిచింది. అదితి రెండవ స్థానం పంచుకున్నది. టైటిల్ లేకున్నను కార్డు నిలబెట్టుకొనుట, కట్ దాటుట, మరుసటి వారం మరల మొదటి గుంట వద్ద నిలబడుట: ఈ వృత్తిలో అధిక భాగం ఇదియే.

అదే మైదానం, వేరొక ద్వారం

అదితి ఫలహారశాల నుండి చూచిన ఆ బెంగళూరు మైదానంలోనే మరొక వ్యక్తి సంచులు మోసేవాడు. అతని పేరు చిన్నస్వామి మునియప్ప. క్యాడీగా పని చేయుచు, ఆడేవారిని చూచి ఆట నేర్చుకొని, వృత్తి ఆటగాడైనాడు. 2009లో గురుగ్రామ్‌లో జరిగిన పురుషుల ఇండియన్ ఓపెన్‌లో కొరియా ఆటగానితో సమానంగా నిలిచి, అదనపు ఆటలో గెలిచాడు. ఆ పోటీ మొత్తం బహుమతి 12.5 లక్షల డాలర్లు. విజేతకు దక్కేది అందులో ఆరవ వంతుకు సమీపం. అతనికి ముందు ఢిల్లీలో క్యాడీగా పని చేసిన అలీ షేర్ 1991లోనూ 1993లోనూ అదే టైటిల్ గెలిచాడు.

అనగా ఈ ఆటలోనికి రెండు ద్వారాలు ఉన్నవి. ఒకటి సభ్యత్వం గలవారి ద్వారం, రెండవది సంచి మోసేవారి ద్వారం. రెండవ ద్వారం గుండా లోనికి పోయినవారు వేలమంది. విజేతలైనవారు వ్రేళ్ళ మీద లెక్కింపదగినవారు. బెంగళూరు, హోసూరు పరిసరాలకు పనుల కొరకు పోయే మన పిల్లలలో ఎవరైనా క్యాడీ పనిలో చేరితే, తల్లిదండ్రులు మునియప్ప పేరు ఒక్కటే జ్ఞాపకం పెట్టుకొనరాదు. మిగిలిన వేలమందిని కూడ జ్ఞాపకం పెట్టుకొని, పిల్లవాని చదువు మధ్యలో ఆగకుండ చూచుకొనవలెను.

ఇంకొక ఉదాహరణ హర్యానాకు చెందిన దీక్షా డాగర్. ఆమెకు పుట్టుకతో వినికిడి లోపం. సైన్యంలో పని చేసిన తండ్రియే ఆమెకు ఆట నేర్పారు. 2019లో దక్షిణాఫ్రికా ఓపెన్ గెలిచి, ఐరోపా మహిళల టూర్‌లో అదితి తరువాత టైటిల్ సాధించిన రెండవ భారతీయురాలు అయినది. టోక్యోలో అదితితో పాటు ఆమె కూడ ఆడింది.

టోక్యోలో నాలుగు రోజులు

ఇక నాలుగవ స్థానం సంగతి. టోక్యోకు పోవుటకు రెండు మూడు నెలల ముందు అదితికి కరోనా సోకింది. శరీరంలో బలం తగ్గి, బంతిని కొట్టే దూరం తగ్గింది. అప్పటికి ప్రపంచ ర్యాంకులలో ఆమె 200వ స్థానంలో ఉన్నది. పోటీలో 60 మంది. ఇతరులు తొలి దెబ్బతోనే ఆమెకంటె ఎంతో ముందుకు బంతిని పంపుచుండగా, ఆమె రెండవ దెబ్బను దూరం నుండి కొట్టవలసి వచ్చేది. ఆ లోటును గుంట దగ్గర పూడ్చుకున్నది. గుంట చుట్టూ ఉండే నునుపైన పచ్చిక మీద బంతిని దొర్లించుటను పట్ అంటారు. ఆ నాలుగు రోజులలో అదితి పటింగ్ చూచినవారెవరూ దానిని మరువలేదు.

ఈ పర్యాయం సంచి మోసినది తల్లి మహేశ్వరి. పది పదిహేను కిలోల సంచి, ఆగస్టు ఎండ, రోజుకు ఏడెనిమిది కిలోమీటర్ల నడక. మైదానం పార్ 71. అదితి మొదటి మూడు రోజులు 67, 66, 68 దెబ్బలు తీసుకొని రెండవ స్థానంలో ఒంటరిగా నిలిచింది. ముందున్నది అప్పటి ప్రపంచ ప్రథమ ర్యాంకు అమెరికా ఆటగత్తె నెల్లీ కోర్డా ఒక్కతే. చివరి రోజు ఉరుములు మెరుపులతో వాన వచ్చి ఆట కొంతసేపు నిలిచింది. అదితి ఆ రోజు కూడ 68 దెబ్బలతో ముగించింది. అది పార్ కంటె మూడు తక్కువ. చెడ్డ ఆట కానే కాదు. అయితే జపానుకు చెందిన మోనే ఇనామి, న్యూజిలాండుకు చెందిన లిడియా కో ఆనాడు చెరి 65 దెబ్బలతో ముగించారు.

లెక్క ఇట్లు తేలింది: కోర్డా 267, ఇనామి 268, కో 268, అదితి 269. అదనపు ఆటలో ఇనామికి వెండి, కోకు కంచు లభించాయి. నాలుగు రోజులలో కొట్టిన 269 దెబ్బలలో ఒక్కటి తగ్గి ఉంటే పతకానికై అదనపు ఆటలో ఆమె కూడ నిలిచేది.

ఇక్కడ విద్యార్థులకు చెప్పవలసినది ఒకటి ఉన్నది. ఆ ఒక్క దెబ్బ ఏది? చివరి గుంట వద్ద తప్పిన పట్ అని చాలామంది అంటారు. కాని మొదటి రోజు ఉదయం వ్యర్థమైన దెబ్బ కూడ ఒక దెబ్బయే. రెండింటి బరువు సమానం. పరీక్షలో చివరి ప్రశ్న వదిలినందుకు విచారించే పిల్లలు, మొదటి ప్రశ్నలో తొందరపాటున పోగొట్టుకున్న మార్కును గుర్తించరు. గోల్ఫ్‌లో లెక్క దాచబడదు, మాయబడదు. ఆడినవారే తమ దెబ్బల లెక్కపై సంతకం చేసి ఇవ్వవలెను.

తరువాతి సంవత్సరాలు

టోక్యో తరువాత కథ సుఖాంతంగా సాగిందని చెప్పలేము, దుఃఖాంతమూ కాదు. 2023 ఫిబ్రవరిలో కెన్యాలో తొమ్మిది దెబ్బల తేడాతో టైటిల్ గెలిచింది. అదే సంవత్సరం చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో మూడవ రోజు 61 దెబ్బలతో అద్భుతంగా ఆడి, ఏడు దెబ్బల ఆధిక్యంతో చివరి రోజులో ప్రవేశించింది. బంగారం ఖాయమని అందరూ అనుకున్నారు. ఆ రోజు 77 దెబ్బలు పట్టింది. థాయిలాండ్ ఆటగత్తె రెండు దెబ్బల తేడాతో బంగారం గెలువగా అదితికి వెండి దక్కింది. ఆసియా క్రీడల గోల్ఫ్‌లో పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమె. అయినను ఆనాడు అభినందించినవారికంటె ఆధిక్యం పోగొట్టుకున్నదని నిట్టూర్చినవారే ఎక్కువ. రెండు నెలలు గడువక ముందే స్పెయిన్‌లో మరొక టైటిల్ గెలిచింది. ఐరోపా మహిళల టూర్‌లో అది ఆమెకు అయిదవది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 29వ స్థానం.

రియోలో 41, టోక్యోలో 4, పారిస్‌లో 29. మూడు ఒలింపిక్స్, పతకం లేదు. దీనిని అపజయం అనవచ్చునా? మన దేశంలో మహిళల గోల్ఫ్ పోటీని తెల్లవారుజామున మేల్కొని చూచే స్థితికి జనాన్ని తెచ్చినది ఆ నాలుగవ స్థానమే. అర్జున పురస్కారం పొందిన ఆ అమ్మాయి మాత్రం, పతకం వచ్చినా రాకపోయినా, తరువాతి వారం మరొక ఊరిలో మొదటి గుంట వద్ద నిలబడింది.

తండ్రికి సమాధానం

"దొరలాడే ఆట సంగతులు మన పిల్లలకెందుకు?" అని అడిగిన తండ్రికి నా సమాధానం ఇది. మన పిల్లలు గోల్ఫ్ ఆడవలెనని కాదు. మన ఊళ్ళలో ఆడదగిన ఆటలు ఉన్నవి: పరుగు, కబడ్డీ, ఖో ఖో, వాలీబాల్. వాటికి నూరు ఎకరాల పచ్చిక అక్కరలేదు. కావలసినది ఆ బెంగళూరు తల్లిదండ్రులు ఇచ్చినటువంటిది. పిల్ల అడిగినప్పుడు లోనికి తీసుకొని పోవుట. చదువునూ ఆటనూ విడదీయకుండుట. అవసరమైతే సంచి భుజాన వేసుకొని వెంట నడచుట. ఓడిన రోజు కూడ అదే విధంగా నడచుట. వారికి ఉన్న ధనం మనకు లేదన్నది వాస్తవం. ధనంతో పని లేనివి కూడ ఇందులో సగం ఉన్నవి.

నన్ను ప్రశ్న అడిగిన ఆ విద్యార్థిని పదవ తరగతి తరువాత పరుగు మానివేసింది. నాలుగవ స్థానానికి ఏమీ ఇవ్వరని ఆనాడు నేను చెప్పిన మాట సత్యమే గాని, చెప్పవలసినదంతా చెప్పలేదు. నాలుగవ స్థానం అనగా ముందు ముగ్గురే ఉన్నారని అర్థం. వారికీ తనకూ మధ్య ఉన్న దూరం ఎంతో కొలిచి చెప్పి, ఆ దూరం తగ్గించే దారి చూపుట ఉపాధ్యాయుని పని. తరువాతి పిల్ల అదే ప్రశ్న అడిగిన నాడు, ఒక టేపు, ఒక గడియారం తీసుకొని ఆమెతో పాటు మైదానంలోనికి పోవలెనని అనుకొనుచున్నాను.